పావు ఉండ వడ్డన

విరూపాక్షకి వచ్చిన చిక్కల్లా పదహారు గ్రాముల చక్కెరతోనే.

పెన్న ఒడ్డున పూర్ణబోధ స్వామి ఆశ్రమంలో పన్నెండుమంది ఆడవాళ్లు సున్నుండలు చుడతారు. పట్నంలో అమ్మాలంటే పొట్లం మీద పోషక విలువల పట్టిక ఉండాలన్నారు దుకాణం వాళ్లు. ఆ పని శిష్యుడు విరూపాక్ష నెత్తినేసుకున్నాడు. పరీక్ష చేయిస్తే ఒక్కో ఉండలో చక్కెర పదహారు గ్రాములని తేలింది. ఇది చదివి ఎవరు కొంటారు? కొనకపోతే ఈ పన్నెండుమందికీ పనెక్కడిది?

నిబంధనలు తిరగేసి తిరగేసి చివరికి ఓ సందు పట్టుకున్నాడు. ఒక వడ్డన అంటే ఎంతో తయారుచేసేవాళ్లే రాసుకోవచ్చట. ‘ఒక వడ్డన: పావు ఉండ. చక్కెర: నాలుగు గ్రాములు’ అని పెద్ద అక్షరాల్లో అచ్చువేయించాడు. వంద గ్రాముల లెక్క మాత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో.

“సదువుకున్నోడంటే అట్లుండాల!” అంది వంటశాల పెద్ద చెన్నమ్మ. ఆ పొంగుతోనే విరూపాక్ష మొదటి పొట్లం తీసుకెళ్లి గురువు ముందు పెట్టాడు.

స్వామికి ఎనిమిదేళ్లుగా చక్కెర జబ్బు. తీపి ముట్టి ఎన్నాళ్లయిందో! కళ్లద్దాలు పెట్టుకుని పట్టికలో పెద్ద అక్షరాలు చదివాడు.

“నాలుగు గ్రాములేనా!” అని ఒక ఉండ తీసి కొరికాడు. నిమ్మళంగా నమిలి, మళ్లీ నోటి దగ్గరికి తీసుకెళ్లాడు.

విరూపాక్ష ఒక్క ఉదుటున ఆ ఉండ లాగేసుకున్నాడు. గురువు చేతిలోది లాక్కోవడం ఆ ఆశ్రమంలో ఎవరూ ఎరగని పని.

“స్వామీ, అది పావు ఉండ లెక్క! మొత్తం తింటే పదహారు!”

“పావు ఉండ తిని ఊరుకునేదెవరు నాయనా?”

విరూపాక్ష లాక్కున్న ఉండను పొట్లంలో పెట్టేశాడు.

“నా చేతిలోది లాక్కున్నావు, మంచిదే. కొనుక్కుని ఇంటికెళ్లినవాడి చేతిలోది ఎవరు లాగాలి?”

ఆ రోజంతా విరూపాక్ష కూర్చుని పొట్లాలకు అంటించిన పట్టిక కాగితాలన్నీ పీకాడు. కొత్తవి వేయించాడు. ‘ఒక వడ్డన: ఒక ఉండ. చక్కెర: పదహారు గ్రాములు.’ అన్ని అక్షరాలూ ఒక్కటే సైజు.

“మా కడుపు కొట్టినావు కదయ్యా!” అని చెన్నమ్మ తిట్టిపోసింది. అతను బుట్ట నెత్తికెత్తుకుని పట్నం వెళ్లాడు. పొద్దుగూకేదాకా దుకాణం ముందే నిలబడ్డాడు.

వస్తూ వస్తూ గేటు దగ్గర్నుంచే కేకలు. “స్వామీ! ఒక పెద్దాయన పట్టికంతా చదివి, ‘నా ఒంటికిది పడదు’ అని పొట్లం తిరిగి పెట్టేశాడు!”

ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. కొననివాడి గురించి ఇంత సంబరమేమిటి?

“తక్కినవి?” అంది చెన్నమ్మ.

“అన్నీ పోయాయి! ఆ పెద్దాయన పెట్టేసిన ఇదొక్కటే మిగిలింది!” విరూపాక్ష ఆ పొట్లాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

వంటశాలంతా చప్పట్లు మోగాయి. స్వామి లేచి వచ్చి, ఆ పొట్లం అందుకుని కళ్లకద్దుకున్నాడు.

“ఆయన చేతిలోది ఈ పట్టికే లాగింది. ఇదీ మన బోణీ,” అన్నాడు.