తలుపు లాంటి పోలయ్య

దేవళ్ళకోట రాజు వల్లభ భూపతికి ఏటా చెడుగుడు పందేలు ముగిసిన రోజున తలనొప్పి వచ్చేది. ఆ ఏడు ఆయన దాన్ని తీసుకెళ్ళి విదూషకుడు మాచన నెత్తిన పెట్టాడు.

"పొద్దు గుంకేలోగా గండపెండేరం తగినవాడి కాలికి ఎక్కాలి. మా తాతగారు పెట్టిన పద్ధతి మారకూడదు. పెద్దలు అలగకూడదు. నువ్వే చూడు" అని, తాంబూలం వేసుకున్నాడు.

ఇక్కడ చెడుగుడు గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే కథ ముందుకు సాగదు. మైదానం మధ్యలో గీత ఉంటుంది. ఒక జట్టువాడు కూత పెడుతూ గీత దాటి అవతలి బరిలోకి వెళ్తాడు. ఎవరినైనా ముట్టుకుని, కూత ఆపకుండా వెనక్కి వస్తే గెలిచినట్టు. వాణ్ణి రానివ్వకుండా పట్టుకోవడం అవతలివాళ్ళ పని. అంటే ఆటలో సగం వెళ్ళడం, సగం పట్టడం. ఆ రెండో సగం లేకపోతే మొదటి సగాన్ని ఆట అనరు, షికారు అంటారు.

అయినా ఏటా కొత్తగా చేయించే ఆ బంగారు పెండేరం ఎప్పుడూ కూతకు వెళ్ళేవాడి కాలికే ఎక్కేది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. రాజుగారి తాత పెట్టిన పద్ధతి ప్రకారం అది ఎవరికివ్వాలో తేల్చేది ఇదివరకు గెలిచినవాళ్ళు. వాళ్ళంతా కూతకు వెళ్ళినవాళ్ళే. వాళ్ళు తమలాంటివాణ్ణి ఎంచుకునేవారు. వాడు మరుసటి ఏడు వాళ్ళ పక్కన కూర్చుని తనలాంటివాణ్ణి ఎంచుకునేవాడు.

ఆ పెద్దలకు పెద్ద భైరవయ్య. ఆయన ఆడటం మానేసి చాలా కాలమైంది, పొట్ట కూడా వచ్చింది. కాలి పెండేరం నలుగురికీ కనబడాలని పంచె కాస్త ఎత్తి కట్టి నడిచేవాడు.

ఆ ఏడు మైదానమంతా వినిపించిన పేరు మాత్రం పోలయ్యది. అతను కూతకు వచ్చినవాణ్ణి పట్టేవాడు. అతని చేతికి చిక్కి తిరిగి గీత చేరినవాడు లేడు. కానీ మోకాలు అరిగిపోయింది. ఈ ఏడు దాటాక ఇక బరిలోకి దిగొద్దని వైద్యుడు చెప్పేశాడు.

మాచన వెళ్ళేసరికి పోలయ్య కాలికి ఆముదం రాసుకుంటున్నాడు.

"నాకెందుకిస్తారు బాబూ, నేను ఎక్కడికీ వెళ్ళను గదా" అన్నాడు. ఆముదం గిన్నె పక్కన పెట్టి, "ఇస్తే మాత్రం వద్దనను. ఇదే ఆఖరు" అన్నాడు.

మాచన అక్కణ్ణుంచి పెద్దల పందిరిలోకి వెళ్ళాడు. అక్కడి గొడవ వేరు. కూతకు వెళ్ళేవాళ్ళలో ముగ్గురు మిగిలారు. ఒకడు భైరవయ్య మేనల్లుడు. తక్కిన ఇద్దరూ మరో ఇద్దరు పెద్దల మేనల్లుళ్ళు. ఏ మేనమామా తగ్గడం లేదు.

మాచన పోలయ్య పేరెత్తితే భైరవయ్య నవ్వను కూడా నవ్వలేదు.

"వచ్చినవాణ్ణి ఆపడం గొప్పేమిటి మాచన్నా? ఆ పని మా ఇంటి తలుపూ చేస్తుంది. పరాయి బరిలోకి వెళ్ళి తెచ్చుకునేవాడిదే పెండేరం."

మాచన వెంటనే ఒప్పుకున్నాడు. తనదే తెలివితక్కువ మాట అన్నాడు. మరి ముగ్గురిలో ఎవరో తేలాలంటే అదే పద్ధతి వాడవచ్చు కదా అని, పెండేరాన్ని అవతలి బరిలో పీట మీద పెట్టి, కూత పెడుతూ వెళ్ళి తెచ్చుకున్నవాడికే ఇద్దామన్నాడు. పెద్దలందరికీ నచ్చింది. ఎవరి మేనల్లుడి మీద వాళ్ళకి నమ్మకం.

"ఆ బరిలో ఎవరూ లేకపోతే బోసిగా ఉంటుందేమో అయ్యగారూ" అన్నాడు మాచన.

"ఆ పోలయ్యని నిలబెట్టు. తలుపు ఉండాలి గదా" అన్నాడు భైరవయ్య. పెద్దలు నవ్వారు. మర్యాద కోసం మాచన కూడా నవ్వాడు.

రాజు వచ్చి కూర్చున్నాడు. మొదటివాడు మెరుపులా వెళ్ళాడు, పీటకు జానెడు దూరంలో బోర్లా పడ్డాడు. రెండోవాడి చెయ్యి పెండేరం మీద పడింది, పోలయ్య చెయ్యి అతని నడుము మీద పడింది. భైరవయ్య మేనల్లుడు పక్కనుంచి జారిపోదామని చూశాడు. పోలయ్య అతన్ని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, కూత ఆగేదాకా అలాగే పట్టుకుని, మెల్లగా కింద దించాడు. ముగ్గురూ మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ దొరికిపోయారు. పొద్దు వాలింది. పెండేరం పీట మీదే ఉంది.

భైరవయ్య లేచి, "పోలయ్య అడ్డంగా ఉన్నాడు ప్రభూ. తప్పిస్తే తేలిపోతుంది" అని విన్నవించుకున్నాడు.

రాజు ఆయన వైపు తిరిగి, పెద్దవారు మీరే వెళ్ళి ఎలా తేవాలో కుర్రాళ్ళకు చూపించండి అన్నాడు.

భైరవయ్య పంచె బిగించి గీత దాకా వెళ్ళాడు. అవతల పోలయ్య వంగి దణ్ణం పెట్టి, నిటారుగా నిలబడి, రెండు చేతులూ చాచాడు. భైరవయ్య అతన్ని చూశాడు. తర్వాత ఆకాశాన్ని చూశాడు. ఇప్పుడు వర్జ్యం నడుస్తోందని చెప్పి వెనక్కి వచ్చేశాడు.

కూర్చున్నాక ఆయనకు మళ్ళీ ధైర్యం వచ్చింది. "ఏమైనా పోలయ్య గెలిచినట్టు కాదు ప్రభూ. వాడు పెండేరం కోసం ఒక్క అడుగైనా వెయ్యలేదు" అన్నాడు.

మాచన చేతులు జోడించాడు.

"నిజమే మహారాజా. పోలయ్యకు ఇవ్వనే వద్దు. అయ్యగారు ఎవరినైనా పంపి అక్కణ్ణుంచి తెప్పిస్తే, ఖజానాలో దాచేద్దాం."

పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెళ్తానని ఎవరూ లేవలేదు. చివరికి రెండోవాడి మేనమామ గొంతు సవరించుకుని, అది అక్కడే ఉంటే ఏం పోయింది, పోలయ్యదే అనుకుందాం అన్నాడు. తక్కినవాళ్ళు తలలూపారు. అందరికంటే ఆఖరున భైరవయ్య తల కూడా ఊగింది.

రాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. భుజం మీది జరీ శాలువా తీసి మాచనకు కప్పాడు. పెండేరం తన చేత్తోనే తొడుగుతానని బయల్దేరి, గీత దగ్గర ఠక్కున ఆగిపోయాడు.

"పోలయ్యా, తొడగడానికే వస్తున్నాను. నన్ను పట్టుకోకు."

మైదానమంతా ఘొల్లున నవ్వింది.