పచ్చి బిళ్ళ

మబ్బులు తాకే కొండ మీద ఒక విత్తనాల కొట్టు ఉండేది. కింద లోయను ఏటా వరద ముంచుతుంది కాబట్టి ఊళ్ళవాళ్ళంతా విత్తనాలు అక్కడే దాచుకునేవాళ్ళు. కొట్టు కాపలాదారుకు చూపు లేదు. ఎవరొచ్చినా వాళ్ళ చేతిలోని మట్టి బిళ్ళను తడిమి, దాని మీది ముద్రా గోడలోని ముద్రా ఒకటైతేనే గడియ తీసేవాడు.

ఆ ముద్ర ఒక అవ్వది. ఎవరికి ఏ గది కావాలో అడిగి, పచ్చిమట్టి బిళ్ళ మీద ఆ గది గుర్తు గీసి, ముద్ర వేసి ఇచ్చేది. సాయంత్రానికి బిళ్ళ ఎండి పగిలిపోయేది. మర్నాడు కావాలంటే మళ్ళీ అవ్వ దగ్గరికే రావాలి. విసుగే, కానీ ఒక్క గింజా పోలేదు.

రాజుకు ఈ పద్ధతి గిట్టలేదు. విత్తనాలు తన గుప్పిట్లో ఉంటే జనం తను చెప్పినట్టు పడి ఉంటారని ఆయన ఆలోచన. అన్ని గదులూ తెరిచే బిళ్ళ ఒకటి చేసి, ఎప్పటికీ పగలకుండా కాల్చి ఇవ్వమన్నాడు. ఇవ్వకపోతే చెయ్యి నరికిస్తానన్నాడు. అవ్వ సరేనని ముద్ర వేసి, కాల్చి ఇచ్చింది. ఊళ్ళవాళ్ళు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు.

రాజు పల్లకిలో, డప్పులతో, దండాలు అందుకుంటూ తీరిగ్గా కొండెక్కాడు. నడిచే అలవాటు ఉంటే కదా! అవ్వ అడ్డదారిన ముందే చేరి తన ముద్రను పగలగొట్టింది. గోడలోని గుర్తు గీకేసి, మట్టి మెత్తి, కొత్తగా చెక్కిన ముద్ర నొక్కింది.

కాపలాదారు రాజు బిళ్ళను తడిమాడు. గోడను తడిమాడు.

"ఇది చెల్లదు," అన్నాడు.

"నేనెవరో తెలుసా?"

"తెలీదు. నాకు తెలిసింది ముద్ర ఒక్కటే."

తలుపు బద్దలుకొట్టమని రాజు భటులను ఆజ్ఞాపించాడు. వాళ్ళ ఇళ్ళ విత్తనాలూ లోపలే ఉన్నాయి. ఒక్కడూ కదల్లేదు.

పాత ముద్ర పోవడంతో ఆ రోజు ఊళ్ళవాళ్ళు తీసుకున్న బిళ్ళలూ, అవ్వ సొంత బిళ్ళా పనికిరాకుండా పోయాయి. జనం గొణుక్కుంటూనే మళ్ళీ ఆమె ముందు వరసకట్టారు. చివరికి రాజూ వచ్చి తనకో బిళ్ళ ఇమ్మన్నాడు.

అవ్వ మట్టి చేతిలోకి తీసుకుంది. "ఏ గది? అందులో నువ్వు దాచిందేమిటి?"

ఒక్క గదిలోనూ రాజు దాచిన గింజ లేదు.

"పక్కకు జరుగు నాయనా," అంది అవ్వ. "వెనక జనం ఉన్నారు."