కేదారి తాడిచెట్టెక్కిన పొద్దు

వరదాచారిగారిని ఏదైనా అడిగితే ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు ఇంట్లో దొరకదని ఆయన నమ్మకం. పదకొండు నవలలు రాసిన మనిషి, శిష్యులకు మాత్రం పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చిన పాపాన పోలేదు. ఆయన దగ్గర రాత నేర్చుకోవడానికి వెళ్ళిన మేమంతా అందుకే కాళ్ళరిగేలా తిరిగాం.

మాలో కేదారి అందరికన్నా గట్టివాడు. మొదటి కథల పుస్తకానికే మంచి పేరొచ్చింది. ఆ పేరే వాడి కొంప ముంచింది. ప్రచురణకర్త ఉత్సాహం ఆపుకోలేక, ఇంకా రాయని నవలకు ఫోటోతో సహా ప్రకటన వేశాడు. ఇక అక్కడినుంచి కేదారికి తిండి సయించదు, నిద్ర పట్టదు, కలం పట్టుకుంటే గుండె దడ. రాసిన పేజీ చింపడం, చింపిన పేజీనే మళ్ళీ రాయడం. ఓ ఆదివారం పొద్దున ఆచారిగారి ఇంటికొచ్చి, ఇక రాత మానేస్తున్నానని చెప్పాడు.  పక్కనే ఉన్న నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు. వాడు రాయకపోతే మిగిలిన మేం రాసి ఏం ప్రయోజనమనిపించింది.

"ఈ భయం పోయే తొవ్వ ఏదన్న ఉంటే చెప్పుండ్రి సార్. లేకుంటే నన్ను ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

ఆచారిగారు చెప్పులు వేసుకున్నారు.

ఊరి బయట తాటివనంలో సైదులుగౌడ్ ముప్పై ఏళ్ళుగా కల్లు గీస్తున్నాడు. ఆచారిగారికి పాత స్నేహితుడు. "మావోనికి మోకు కట్టు సైదులూ" అన్నారు ఆచారిగారు. కాలేజీలో పాఠాలు చెప్పే కేదారిలాంటి మనిషిని చెట్టెక్కించమంటే సైదులుకు వింతే మరి. కేదారిని కిందినుంచి పైదాకా ఓసారి చూసి, చెట్టునూ వాడి నడుమునూ కలిపి లావుపాటి మోకుతాడు చుట్టాడు. కాళ్ళకు తాడుతో బందం వేశాడు. ఎలా ఎక్కాలో పక్క చెట్టు రెండుసార్లు ఎక్కి చూపించాడు.

కేదారి ఒక నిలువెత్తు ఎక్కాడు. ఎక్కి, రెండు చేతులతో చెట్టును కావలించుకుని, చెంప బెరడుకు ఆనించి ఆగిపోయాడు. చొక్కా గుండీ తెగింది, రొమ్ము గీరుకుపోయింది. నవ్వొచ్చే దృశ్యమే. నాకు నవ్వు రాలేదు.

"సారూ, చెట్టును ఇడువు" అన్నాడు సైదులు కిందినుంచి. "ఎనుకకు ఒరుగు. మోకు మీద బరువెయ్యి."

"పడ్త అన్నా!"

"నువ్వు చెట్టుకు అతుక్కుంటేనే మోకు వదులై జారుతది. ఒరిగితే బిగుస్తది. కొత్తోళ్ళంత చేసే తప్పే ఇది, నేను గూడ జేసిన. రెండు చేతులు చెట్టునే పట్టుకుంటే మరి కల్లెవరు గీస్తరు?"

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆచారిగారు తొందరపెట్టలేదు. చివరికి కేదారి ఒక చెయ్యి వదిలాడు. కాసేపటికి రెండోదీ వదిలి, ప్రాణాలు బిగబట్టుకుని వెనక్కి వాలాడు. మోకు కిర్రుమని బిగిసింది. వాడు పడలేదు. ఊపిరి కుదుటపడ్డాక, తల తిప్పి చుట్టూ చూడటం మొదలుపెట్టాడు.

"నీకు భయం ఎప్పుడు పోయింది సైదులన్నా?" అని పైనుంచే అడిగాడు.

"ఏడ పోయింది?" అని నవ్వాడు సైదులు. "ఇయ్యాల పొద్దున గూడ ఉండె. అందుకే గద మోకు."

కేదారి దిగాక ముగ్గురం ఇంటిదారి పట్టాం.  కొంత దూరం పోయాక ఆచారిగారు, పైన ఏం కనిపించిందని అడిగారు.

"మొదలు బెరడు తప్ప ఏం కనపడలే సార్. ఒరిగినంక కంచె అవతల చేను కనపడ్డది. ఒక ముసలామె సద్దిమూట గట్టు మీద పెట్టి గడ్డి కోస్తున్నది. యాడికెల్లో ఒక మేక వచ్చి మూట గుంజింది. ఆమె కొడవలి పట్టుకొని ఉరికింది సార్, కొడ్తదేమో అనుకున్న. కొట్టలే. మేక ముంగటనే కూలబడి, దాన్ని తిట్టుకుంట తిట్టుకుంట, సద్దిల సగం దానికే పెట్టింది. మనుషుల తోని మాట్లాడినట్టే మాట్లాడుతున్నది దాని తోని. చూస్తే ఆమెకు ఇంట్ల..."

వాడు దారి మధ్యలో నిలబడిపోయాడు. చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి, ముసలామె అన్నం కలిపి పెట్టిన తీరు చూపిస్తూ. గీరుకున్న రొమ్ము సంగతి కూడా వాడికి గుర్తున్నట్టు లేదు.

ఆచారిగారు వాడి భుజం మీద చెయ్యి వేశారు.

"నీ నోట ఇంకొకరి ముచ్చట విని ఎన్నాళ్ళైందో కేదారీ. చెప్పు, ఆమె ఇంట్ల ఎవరున్నరు?"