ఎర్రమ్మ అన్న మాట

ఒకానొక రాజుగారికి జనం తన గురించి ఏమనుకుంటున్నారో అన్న బెంగ పట్టుకుంది. "నన్ను నిందించే మాట ఎవరి నోట వెలువడినా, ఎందుకు వెలువడినా, అది రాజద్రోహమే. ద్రోహిని దేశం నుంచి వెళ్లగొడతాం" అని చాటింపు వేయించాడు.

మూడో రోజే కొత్వాలు గజపతయ్య బుట్టలల్లే ఎర్రమ్మను సభకు ఈడ్చుకొచ్చాడు. ఆయనకు మీసాలకన్నా రాజభక్తి ఎక్కువ. మీసాలూ చిన్నవేం కావు.

"ఇది సంతలో ప్రభువులను నిందించింది మహారాజా! చెవులారా విన్నాను."

"ఏమంటావు?" అన్నాడు రాజు.

ఎర్రమ్మకు ఊరి పక్క వెదురు తప్ప వేరే ఆధారం లేదు. అయినా తొణకలేదు.

"నేనేమన్నానో ఆయన్నే చెప్పమనండి మారాజా. అది నింద అయితే ఇప్పుడే మూట కట్టుకుని పోతాను."

కొత్వాలు ఛాతీ విరిచి నోరు తెరిచాడు.

"చూసుకుని చెప్పండి దొరా" అంది ఎర్రమ్మ. "ఎవరి నోట వెలువడినా అన్నారు. సంతలో విన్నది తమరొక్కరే, ఇక్కడైతే సభంతా వింటుంది."

కొత్వాలు నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు. మళ్లీ మూశాడు.

"సంత కదా మహారాజా, సరిగ్గా వినపడలేదు" అన్నాడు చివరికి.

రాజు ఎర్రమ్మను ఇంటికి పంపేశాడు. ఆమె అన్న మాటేమిటో మా ఊళ్లో అందరికీ తెలుసు. ఒక్కరు కూడా ఇంకొకరికి చెప్పలేదు.