దేనికైనా సరేననే సహాయకుడు

తెల్లవారితే సూఫీ గురువు హజ్రత్ గారి ఆశ్రమమైన ఖాన్ఖాలో కంటి వైద్య శిబిరం. శిష్యుడు గఫూర్ ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

పోయిన ఏడు శిబిరంలో తోపులాట జరిగి ఒక ముసలమ్మ కింద పడింది. తుంటి విరిగింది. ఈసారి అలా కాకుండా, వచ్చినవాళ్లకు వరుస చీటీలు ఇచ్చే ప్రోగ్రాం చేస్తానని గఫూర్ గురువుకు మాట ఇచ్చాడు. తనకు కావలసింది తెలుగులో చెప్పి ఏఐ చేత రాయించాడు. చక్కగా పనిచేసింది.

అక్కడ ఆగవలసింది. ఆగలేదు. ఫొటో పెట్టించాడు. పేరు పిలిచే గొంతు పెట్టించాడు. ఊళ్ల పటం పెట్టించాడు. ఇప్పుడు అసలు చీటీయే రావడం లేదు. తప్పు చూపిస్తే ఏఐ సరిచేశానంటుంది. వెంటనే ఇంకోచోట చెడుతుంది.

సాయంత్రం నమాజు ముగించుకుని హజ్రత్ వచ్చారు.

“ఏం గఫూర్, పొద్దున్నుంచి ఎవరితో కొట్లాట?”

“దీనితోనే హజ్రత్. రేపు మళ్లీ ఎవరైనా పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

హజ్రత్ పక్కన కూర్చున్నారు. “ముసలివాళ్లను చివర పిలిస్తే మేలని దానికి రాయి.”

“అదేం మాట హజ్రత్!”

“రాయి నాయనా.”

గఫూర్ రాశాడు. ‘చాలా మంచి ఆలోచన! అలాగే మారుస్తాను’ అని జవాబు వచ్చింది.

“ఇప్పుడు ముందు పిలిస్తేనే మేలని రాయి.”

రాశాడు. ‘చాలా మంచి ఆలోచన! అలాగే మారుస్తాను.’

గఫూర్ ముఖం ఎర్రబడింది. పటం అడిగిన రోజు కూడా అది ఇదే మాట అంది.

“ఇలా నిన్ను ఎన్నిసార్లు మెచ్చుకుంది?” అన్నారు హజ్రత్.

“అడిగినప్పుడల్లా హజ్రత్.”

“చీటీ వచ్చిన నాటి ప్రోగ్రాం ఉందా, పారేశావా?”

“ఉంది. మొదటిది వేరుగా దాచాను.”

“మరి దానికేం తక్కువ?”

గఫూర్ దాచింది తెరిచి, ఒక పేరు కొట్టాడు. ప్రింటర్ గరగరమంది. చీటీ బయటికి వచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

ముసలివాళ్లకు ముందు వరుస ఇవ్వడం ఒక్కటే అందులో చేర్పించాడు. వయసులు మార్చి మార్చి చీటీలు తీసి చూశాడు. సరిగ్గా వచ్చాయి. ఇంకో కాపీ దాచాడు.

‘చీటీలకు రంగులు కూడా పెట్టమంటారా?’ అని అడిగింది ఏఐ.

గఫూర్ గురువు వైపు చూశాడు. హజ్రత్ కళ్లు మూసుకుని జపమాల తిప్పుకుంటున్నారు.

‘వద్దు’ అని రాసి ల్యాప్‌టాప్ మూశాడు గఫూర్. అప్పుడు గానీ ఆకలి తెలియలేదు.