ఊటమ్మ పిలిచిన పేరు

ముసలికొండ అడవిలో ఒక రాతి చరియ, ఆ చరియను ఆనుకుని ఒక నేరేడు చెట్టు. ఆ చెట్టు వేళ్లకూ రాతికీ మధ్య సన్నని సందులోంచి నీళ్లు ఊరేవి. ఎండలు మండిపోయే రోజుల్లో కూడా చల్లగా జారి కింద చిన్న గుంటలో నిలిచేవి.

ఆ సందులో ఊటమ్మ ఉంటుందని అడవిలో అందరికీ తెలుసు. చూసినవాళ్లు మాత్రం లేరు. తెల్లవారాక వెళ్తే రాతి మీద తడి పాదాలు కనిపించేవి, చంటిపిల్ల పాదాలంత. అందుకే అక్కడ నీళ్లు తాగేముందు పులైనా పిట్టైనా తల వంచి "నా వంతే తల్లీ" అనేవి. అని, దాహం తీరేంత తాగి, వెనకున్నవాళ్లకి దారి ఇచ్చేవి.

అలా అనని వాడు ఒక్కడే. జంబయ్య నక్క. "నీళ్లకి వంతులేమిట్రా, ఇదేమన్నా పెళ్లి భోజనమా?" అని నవ్వేవాడు. గుంటకి కాస్త కిందుగా, మంచి నీడ పట్టున వాడి బొరియ.

ఆ చెట్టు మొదట్లోనే చెదలు తిని బతికేది చిప్పలమ్మ. ఆవిడది అలుగు జాతి. ఒళ్లంతా పెంకులు, బారెడు నాలుక. నోట్లో పన్ను లేదు, మనసులో కోపం లేదు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఉండలా ముడుచుకుపోయేది. కొడుకు పిక్కగాడు ఎప్పుడూ ఆవిడ తోక మీదే. చింతపిక్కలా నున్నగా ఉంటాడని ఆ పేరు.

పోయిన వానాకాలంలో జంబయ్య ఆవిడ దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా చిప్పలమ్మా, నీ గోళ్ల చప్పుడుకి నాకు కంటి మీద కునుకు లేదే! అయినా తల్లి ముంగిట్లో మట్టి తవ్వడం మైల కాదూ?"

"మైలా అన్నా? నాకు తెలీదు సుమా."

"తెలీకేగా చెబుతున్నా. కొండ వెనక్కి పోయి తవ్వుకో. నీళ్లకి మాత్రం రా, తాగు, పో."

ఆవిడ ఎదురు మాట్లాడే మనిషి కాదు. పిల్లాణ్ణి తోక మీద ఎక్కించుకుని వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక చెదలకి అడ్డు లేకపోయింది. నేరేడు వేళ్లని లోపల్లోపలే తినేశాయి. తిన్నచోటల్లా పుట్టమన్ను పూశాయి. ఎండాకాలం నడుమ ఒక సాయంత్రం పెద్దగాలి కొట్టి, చెట్టు ఒరిగి చరియ మీద వాలింది. పైనున్న మట్టి జారి సందు మూసుకుపోయింది. గుంటలో మిగిలిన నీళ్లని ఎండ తాగేసింది.

జంతువులన్నీ గుంట చుట్టూ చేరి బిక్కమొహాలు వేసుకున్నాయి. అప్పుడే గోరింక ఎగురుకుంటూ వచ్చింది. విన్నమాటని విన్నట్టు చెప్పడమే తప్ప, కల్పించి చెప్పడం రాని పిట్ట అది.

"రాతి కింద ఎవరో అంటున్నారు. 'అలుగు... అలుగు...' అని."

"ఊటమ్మే!" అన్నాయి అన్నీ.

ఎలుగు మామ ముందుకొచ్చాడు. "సరిగ్గా విన్నావుటే? 'ఎలుగు' అని ఉంటుంది. నేనంటే తల్లికి మొదట్నించీ ముద్దే."

"అ అంది మామా, ఎ అనలేదు."

"అకీ ఎకీ ఎంత దూరమే పిచ్చిదానా!" అని మామ ఆ సందులోకి చెయ్యి దూర్చాడు. చెయ్యి ఇరుక్కుంది. "నన్ను లాక్కుంటోంది, చూశారా, ఎంత ప్రేమో!" అంటూనే బావురుమన్నాడు. అడవిదున్న పెద్దయ్య కొమ్ము అందిస్తే, పట్టుకుని వేలాడి, బొచ్చు ఊడగొట్టుకుని బయటపడ్డాడు.

పెద్దయ్య నెమరు ఆపి నిదానంగా అన్నాడు. "కింద ఊళ్లో చెరువు నిండితే నీళ్లు పొర్లి పోయే చోటుంటుంది. దాన్ని అలుగంటారు. కానీ చుక్క లేని చోట పొర్లడమేమిటో నాకు బోధపడలేదు నాయనా."

జంబయ్యకి మాత్రం మొదటిసారికే బోధపడింది. ఆ పిలుపు ఎవరికో తెలిసింది. ఆవిడ మళ్లీ ఇక్కడికొస్తే ఎందుకు వెళ్లిందన్న సంగతి బయటికొస్తుందనీ తెలిసింది. గొంతు సవరించుకున్నాడు.

"అలుగు అంటే అలగడం! అంతమాత్రం తెలీదా? తల్లి అలిగింది."

"అయ్యో! ఎవరి మీద?"

"ఆవిడ ముంగిలి తవ్వి పోసిందెవరు?"

అందరి చూపులూ వెనక్కి తిరిగాయి. నీళ్ల కోసం అప్పుడే వచ్చి, ఒక మూల నిలబడి ఉంది చిప్పలమ్మ. అన్ని కళ్లూ తన మీద పడేసరికి చటుక్కున ముడుచుకుపోయింది. ఆ ముడతలో పిక్కగాడు కూడా.

"ఆవిడ కొండ దాటి పోవాలి," అన్నాడు జంబయ్య. "మిగతావాళ్లు తేనెపట్టు, గుడ్లు, పళ్లు, ఎవరికి కుదిరింది వాళ్లు, నా బొరియలో పెట్టండి. నేను తల్లిని బతిమాలి అప్పగిస్తా. అలక తీరుతుంది."

నాలుకలు పిడచకట్టుకుపోయిన వాళ్లు ఏమని వాదిస్తారు? ఎలుగు మామ తన కోసం దాచుకున్న తేనెపట్టు మోసుకెళ్లి ఇచ్చాడు. అది ఇచ్చేటప్పుడు రెండుసార్లు వెనక్కి లాక్కున్నాడు, పాపం.

పెద్దయ్య ఒక్కడే చిప్పలమ్మ దగ్గరికొచ్చాడు. "ఎండ తగ్గాక వెళ్లమ్మా. రాళ్లు కాలిపోతున్నాయి. పసివాడు తట్టుకోలేడు."

"నా వల్లే అయ్యుంటుంది పెద్దయ్యా," అంది ముడత విప్పకుండానే. "నాకు తెలీక చేశాను."

ఎండ వాలింది. పిక్కగాణ్ణి తోక మీద వేసుకుని బయలుదేరింది. కొండ అవతల నీళ్లు ఎక్కడున్నాయో ఆవిడకి తెలీదు. వాడు తోక పట్టుకున్న పట్టు వదులైపోతోంది.

"అమ్మా, నీళ్లు."

"పోదాం నాన్నా."

"అమ్మా, నాలుక అంటుకుపోతోంది."

ఆవిడ కాళ్లు ఆగిపోయాయి. పోతూ పోతూ తల్లికి ఒక్క మాట చెప్పి పోదామనిపించింది. వెనక్కి తిరిగి ఎండిన ఊట దగ్గరికెళ్లింది. దోషిలా నిలబడింది. సిగ్గుతో, భయంతో అక్కడే ఉండలా చుట్టుకుంది. చుట్టుకునేసరికి చెవి నేలకి ఆనింది.

లోపల్నుంచి సన్నగా, నీళ్లలో నానిన గొంతులా వినబడింది.

"అలుగూ... ఓ అలుగూ..."

"తల్లీ, నా మీద అలిగావటగా," అంది చిప్పలమ్మ. "నీ ముంగిట్లో ఇంక తవ్వను. నా బిడ్డని మాత్రం కాపాడు."

లోపల చిన్నగా నవ్వినట్టయింది.

"నీ మీద నేనెందుకు అలుగుతానే, వెర్రితల్లీ! తలుపు మూసుకుపోయి లోపల ఉన్నాను. నిన్నే పిలుస్తున్నాను, పేరు పెట్టి పిలుస్తున్నాను. గొంతు పోయింది నాకు. నువ్వు తవ్వినన్నాళ్లు నా చెట్టుకి చెదలు పట్టిందా? నా సందులో మన్ను పేరిందా? ఎందుకు మానేశావే?"

"మైల అన్నారమ్మా."

"నన్నడిగావా?"

చిప్పలమ్మ ముడత విప్పింది. పిక్కగాణ్ణి పక్కన ఆకుల మీద దించి, ఆ సందులోకి ముక్కు పెట్టింది. మామ చెయ్యి పట్టని చోట ఆవిడ ఒళ్లంతా పట్టింది. పుట్టమన్ను రాయిలా గట్టిపడి ఉంది. ఆ గోళ్లు మాత్రం అందుకే పుట్టాయి. గీరింది, తవ్వింది, చెదల్ని నాలుకతో ఊడ్చింది, మన్ను కాళ్లతో వెనక్కి తోసింది. తోసిన మన్ను పొడిగా ఉంది. తర్వాత చెమ్మగా ఉంది. తర్వాత బురదైంది.

ఆవిడ వెనక్కి జారుకునేలోపే నీళ్లు ఆవిణ్ణి నెట్టుకుంటూ బయటికొచ్చాయి. ఇన్నాళ్లూ లోపల నిలిచిన నీళ్లు కదా, మరి! గుంట నిండింది. అంచు దాటింది. పొర్లింది.

"అలుగు పారుతోంది!" అని అరిచాడు, నీళ్ల చప్పుడుకి అందరితో పాటు పరుగెత్తుకొచ్చిన పెద్దయ్య. "ఇదే, ఊళ్లో నేను చూసింది ఇదే!"

పొర్లిన నీళ్లు కిందున్న బొరియలోకి దూకాయి. ముందు జంబయ్య బయటికొచ్చాడు, తడిసి తాడులా వేలాడే తోకతో. వాడి వెనకాల కొబ్బరికాయలు తేలినట్టు తేలుతూ గుడ్లూ పళ్లూ వచ్చాయి. అందరికన్నా ఆఖర్న, సగం కొరికిన తేనెపట్టు.

"నా తేనెపట్టు!" అన్నాడు ఎలుగు మామ. "ఏమిరా, తల్లికి నీలాంటి పళ్లున్నాయా? ఆ గాటు ఎవరిది?"

గోరింక కొమ్మ మీద కూర్చుని, విన్నదాన్ని విన్నట్టు చెప్పింది. "నిన్నే పిలుస్తున్నాను అంది. మైల అన్నారమ్మా అంది. నన్నడిగావా అంది."

అన్నదెవరమ్మా అని పెద్దయ్య అడిగితే చిప్పలమ్మ చూపు జంబయ్య వైపు తిరిగింది. ఇంక ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. జంబయ్య మూతి ముడిచి, అందరికీ వీపు చూపించి రాతి మీద కూర్చున్నాడు. అప్పటికి నిజంగా అలిగినవాడు అడవిలో వాడొక్కడే.

అందరూ పక్కకి జరిగి పిక్కగాడికి ముందు దారి ఇచ్చారు. వాడు చిన్న నాలుక చాపబోయి, గుర్తొచ్చి ఆగాడు. తల వంచాడు. "నా వంతే తల్లీ" అన్నాడు, అతుక్కుపోయిన నాలుకతో, సగం సగంగా. ఆ రెండు గుటకలకీ వాడి కళ్లు తెరుచుకోవడం చూసి చిప్పలమ్మ మళ్లీ ముడుచుకుంది. ఈసారి ఏడుపు దాచుకోవడానికి.

ఆ తర్వాత ఆవిడ పాతచోటికే వచ్చేసింది. ఒరిగిన నేరేడు మొదట్లోంచి కొత్త చిగురు లేచింది. దానికి చెద రాకుండా ఆవిడే కాపలా.

జంబయ్య అలక ఎంతసేపని నిలుస్తుంది, ఎండాకాలంలో? ఒక వేకువన, ఎవరూ చూడరనుకుని గుంట దగ్గరికొచ్చాడు. చిప్పలమ్మ అక్కడే ఉంది. పక్కకి జరిగింది. వాడు అటూ ఇటూ చూసి, నోట్లో నోట్లోనే గొణుక్కుంటూ "నా వంతే తల్లీ" అన్నాడు. అప్పుడు తాగాడు.

తెల్లవారాక చూస్తే తడి పాదాలు రాతి మీద ఆగలేదు. చిప్పలమ్మ బొరియ గుమ్మం దాకా వెళ్లి ఉన్నాయి.

నిన్ను ఎవరో ఏదో అన్నారని పక్కవాడు చెబితే నమ్మి ముడుచుకోకు. దగ్గరికెళ్లి నీ చెవితో నువ్వు విను, అది పిలుపే అయ్యుండొచ్చు.