బూజుకు తల మాడింది

ఒకప్పుడు బూజు మల్లెమొగ్గలా తెల్లగా ఉండేది. పిలిస్తేనే వచ్చేది, పెట్టిందే తినేది. అంత మర్యాదస్తురాలికి ఒళ్లు మండించింది ఎవరనుకున్నారు? కొండమీది సిరమ్మ అనే ముసలమ్మ, ఒక చేదుదుంప.

సిరమ్మ మోకాళ్లు వాచి కొబ్బరికాయలంత అయ్యాయి. వాపు దగ్గరికెళ్లి "ఇక చల్లారు" అని కబురు చెప్పే రసం మన ఒంట్లోనే ఉంటుంది. దాన్ని హార్మోను అంటారు. ముసలమ్మకి అది చాల్లేదు.

చేదుదుంప గొప్పగా ముందుకొచ్చింది. "నా రసం తాగు మామ్మా! అచ్చం ఆ హార్మోను లాగే ఉంటాది."

తాగింది. రసం మోకాలి దాకా వెళ్లి వాపు తలుపు తట్టింది. తలుపు తెరుచుకోలేదు. పోలికంతా ఉంది కానీ ఒక్కచోట ఏదో తక్కువైంది.

దుంప తెల్లముఖం వేసి, చాటుగా బూజుని పిలిచింది. "పిల్లా, కాస్త సూసిపెట్టే!"

బూజు రసమున్న కుండలోకి దిగింది. రసాన్ని మింగి, తక్కువైన చోట చిటికెడు గాలి అతికించి, మళ్లీ వదిలింది. సిరమ్మ ఆ రసం తాగింది. ఈసారి తలుపు తెరుచుకుంది, వాపు దిగింది. ముసలమ్మ లేచి కొర్రచేనికి నడిచింది!

తిరిగొచ్చి దుంపకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. దుంప నోరు మెదిపితే ఒట్టు. సొమ్మొకడిది, సోకొకడిది! "నా పేరు సెప్తాదిలే" అని బూజు కుండలో ఎదురుచూసింది, పాపం.

సిరమ్మ కుండలోకి తొంగిచూసింది. "ఛీ, పాడు బూజు! నా మందంతా పాడుసేసీసినాది!" అంటూ కుండని మండే పొయ్యిమీద బోర్లించింది.

బూజు తెల్లని తలలన్నీ మాడిపోయాయి. ఎలాగో తప్పించుకుని గోడ చెమ్మలో దూరింది.

వానలు పడ్డాయి. మోకాళ్లు మళ్లీ వాచాయి. రసం ఎంత తాగినా తలుపు తెరుచుకోలేదు. అప్పుడు గానీ దుంప నిజం కక్కలేదు. ముసలమ్మ డేక్కుంటూ గోడ దగ్గరికొచ్చింది.

"తప్పైపోనాది తల్లీ. నాకు తెలవదు."

"తెలవదా? అడిగినావా?" బూజు నిప్పులు చెరిగింది. "మందు సేసింది నాను! పసుపు దానికీ, పొయ్యి నాకూనా? నీ కాళ్లు సూసి సేస్తాను, పో. కానీ ఈ మాడిన తలలు ఇలాగే ఉంచుకుంటాను, మీరు మర్సిపోకుండా! ఇకమీద పిలుపుకోసం కూకోను. మీరు తినకుండా ఒగ్గేసిన ప్రతి ముక్కమీదికీ సెప్పాపెట్టకుండా వస్తాను!"

అప్పటినుంచే చెమ్మలో మరిచిపోయిన రొట్టెమీద గసగసాలంత నల్లని తలలతో బూజు లేస్తుంది. దుంపరసాన్ని మందుగా మార్చాలంటే ఇప్పటికీ దాన్నే బతిమాలి పిలవాలి. రొట్టెమీదికి మాత్రం పిలవకుండానే వస్తుంది, ఆ కోపంతోనే.